మంచుకొండ మీద నీడపట్టున ఇల్లు

నేను ఇంతవరకు మంచు చూడలేదు. ఫ్రిజ్జులో పేరుకునేది, చార్మినార్ దగ్గర షర్బత్ బండి మీద గోనెపట్టా కప్పుకుని కరిగేది తప్ప నాకు తెలిసిన మంచు లేదు. అయినా ఒకప్పుడు పరాయి దేశంలో మంచుకొండ మీద కట్టే ఇంటి గురించి ఒక మనిషికి ఢంకా బజాయించి సలహా ఇచ్చాను. ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు కొలువులో నక్షాలు గీసిన వాణ్ణి. రిటైరైన రోజు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. మెడలో దండలు పడుతుంటే నాకు ఆ ఒక్క ఇల్లే గుర్తొచ్చి తల వంచుకున్నాను. వినయం అనుకుని ఇంకో దండ వేశారు. ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని ఇళ్ళు గీస్తున్న పిల్లలు చదువుతారేమోనని ఇది రాస్తున్నాను. చదివి నవ్వుకున్నా పరవాలేదు, మా ఆఫీసు చాలా ఏళ్ళు నవ్వింది.

డెబ్బైల మొదట్లో మాట. పాతబస్తీలో ఇళ్ళ నక్షాలు పరిశీలించి పాస్ చేసే చిన్న ఆఫీసులో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. జహనుమాలో అద్దె ఇల్లు, సైకిల్ మీద ఉద్యోగం. ఆ రోజుల్లో నక్షా చదవడం వచ్చిన వాడంటే బస్తీలో డాక్టరుకు ఇచ్చినంత మర్యాద ఇచ్చేవారు. గోడ ఎక్కడ లేపాలి, మెట్లు ఎటు తిప్పాలి, బావి పూడ్చవచ్చా, అన్నీ అడిగేవారు. ఇరానీ హోటల్లో కూర్చుంటే ఎవరో ఒకరు కాగితం పరిచేవారు, చాయ్ వచ్చేది. చాయ్ తాగి అభిప్రాయం చెప్పకపోవడం మా వృత్తిలో లేదు. తెలియదు అనే మాట నా నోట ఎవరూ విని ఉండరు. నాకు ముప్పై నిండలేదు, గీత తిన్నగా గీయడం వచ్చు, అదే పెద్ద చదువనుకునేవాణ్ణి.

నేను సలహా ఇచ్చిన ఆ మనిషిది పాతబస్తీ దాటాక వచ్చే బార్కస్. తాతల నాడు అరబ్బు దేశం నుంచి వచ్చి నిజాం ఫౌజులో చేరిన కుటుంబం. ఫౌజు పోయింది, లుంగీలు, హరీస్ వంటకం, జామతోటలు మిగిలాయి. ఇతను జామకాయల గంపతో తెలుగు వాడలన్నీ తిరుగుతూ పెరిగాడు కాబట్టి నాతో తెలుగే మాట్లాడేవాడు. వెల్డింగ్ నేర్చుకుని కువైట్ వెళ్ళాడు. వెళ్ళేముందు వాళ్ళ ఇంటి వంటగది నక్షా నేనే గీసిచ్చాను. పొగ బయటికి పోయేలా కిటికీ పెట్టించానని వాళ్ళ ఇంట్లో నేనంటే గురి. ఆ కిటికీ వల్లనే తర్వాతి కథంతా జరిగిందని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది.

మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు అతనికి అప్పుడే కూతురు పుట్టి ఉంది. ఒక మే నెల మధ్యాహ్నం రంగు కాగితాల చుట్ట చంకలో పెట్టుకుని నేరుగా మా ఆఫీసుకే వచ్చాడు. మా ఆఫీసుకు రేకుల కప్పు. కరెంటు పోయింది. బల్ల మీద చెయ్యి ఆనిస్తే కాగితం చెమటకు అంటుకుని లేచి వస్తోంది. ఆనాటి ఎండ గురించి ఇంత చెప్పడం సాకు కోసమే అని మీకు అనిపిస్తే తప్పు పట్టను.

"భాయ్, గిది జర చూడాలె నువ్వు" అని చుట్ట విప్పాడు.

లెబనాన్ దేశపు కొండల మీద కట్టబోతున్న అపార్ట్‌మెంట్ల బొమ్మ అది. శీతాకాలంలో అక్కడ మంచు పడుతుందట. డబ్బున్న వాళ్ళు కాళ్ళకు చెక్కలు కట్టుకుని ఆ మంచు మీద జారడానికి వస్తారట, వారాల తరబడి ఇళ్ళు అద్దెకు తీసుకుంటారట. ఆ ఇళ్ళు అమ్మే కంపెనీ మనిషి కువైట్‌లో వీళ్ళ క్యాంపు దాకా వచ్చి, వాయిదాల మీద కొనుక్కోండి, మీరు చూడనక్కర లేదు, తాళం మా దగ్గరే ఉంటుంది, అద్దె మీ ఇంటికి వస్తుంది అని చెప్పాడట. ఇతను, ఇతనితో పనిచేసే మలయాళీ దోస్తు చెరొకటి తీసుకుందామనుకున్నారు. రెండే మిగిలాయి, ధర ఒకటే. మొదట బయానా కట్టింది మనవాడు కాబట్టి ఎంచుకునే హక్కు ఇతనిది.

"ఇంకో రెండేండ్లు గట్టిగ చేస్త భాయ్. అద్దె షురూ అయితే ఇగ కువైట్‌కు సలాం. ఈడనే షాపు పెట్టుకుంట. బిడ్డ నడిచెటప్పటికి ఇంట్ల ఉండాలె నేను. అందుకే నీ దగ్గరికి తెచ్చిన. ఏది తీసుకుందమో నువ్వే చెప్పు."

అతను అడిగింది ఇల్లు గురించి కాదని నాకు అప్పుడు తట్టలేదు. నాకు కనిపించింది నక్షా ఒక్కటే. చక్కటి పని, సన్నటి గీతలు, మూలన దిక్కుల గుర్తు. చుట్టూ ఆఫీసంతా మూగింది. మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్, మేము పెద్దసారు అనేవాళ్ళం, నస్యం డబ్బీ పక్కన పెట్టి మరీ లేచి వచ్చారు. టైపిస్టు వచ్చాడు, కొలతల గొలుసు పట్టే చైన్‌మన్ వచ్చాడు. ఒక్కరికీ మంచు తెలియదు. ఎండ మాత్రం అందరికీ బాగా తెలుసు.

మిగిలిన రెండిట్లో ఒకటి అన్నిటికన్నా పై అంతస్తు, దక్షిణం వైపు, ముందు పెద్ద వసారా. రెండోది కింది అంతస్తు, ఉత్తరం వైపు. నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"పై అంతస్తు అంటే పెనం మీద పండుకున్నట్టే భాయ్. పొద్దంత ఎండ కొడ్తది. గోడలు రాత్రి దాక కాల్తనే ఉంటయి. కింద చూడు, ఉత్తరం, ఎండ మొఖం చూడదు. చల్లగ ఉంటది."

"దక్షిణం గుమ్మం అచ్చిరాదు కూడా" అన్నారు పెద్దసారు. బార్కస్ మనిషికి మా వాస్తుతో ఏం పని అని ఎవరూ అడగలేదు. అతను మర్యాదగా తల ఊపాడు.

"మెట్లు ఎక్కే బాధ లేదు, నీళ్ళు పైకి ఎక్కించే లొల్లి లేదు" అని చైన్‌మన్ తన వంతు చెప్పాడు.

అప్పుడు అతను కొంచెం తటపటాయించి, "అది సల్ల దేశం గదా భాయ్. బరఫ్ మస్తు పడ్తదంట. ఆడ ఎండ కావాల్నేమో?" అన్నాడు.

వెల్డింగ్ చేసుకునే మనిషి నా బల్ల దగ్గర నిలబడి నాకు దిక్కులు చెప్పడమా అని నా ఒళ్ళు మండింది. "నక్షా చదివేది నువ్వా నేనా?" అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వి, "నువ్వే భాయ్, నువ్వే" అన్నాడు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఎర్ర పెన్సిల్‌తో ఉత్తరం వైపు ఇంటికి టిక్కు పెట్టాను. కంపెనీకి పంపే కాగితంలో ఇంటి నంబరు నింపింది కూడా నేనే, అచ్చు గుద్దినట్టుండే నా డ్రాఫ్ట్స్‌మన్ అక్షరాలతో. మర్నాడు అతను నాకు కువైట్ నుంచి తెచ్చిన టెర్లిన్ షర్టు గుడ్డ ఇచ్చాడు. కుట్టించుకుని ఆఫీసుకు తొడుక్కుని వెళ్ళాను, లెబనాన్ షర్టు అని అందరికీ చెప్పుకున్నాను.

మళ్ళీ అతను వచ్చేసరికి పాపకు మూడేళ్ళు. ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ముఖం బాగా నల్లబడింది. ఇల్లు ఎలా ఉందని హుషారుగా అడిగాను. అతను ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి, తిని, మూతి తుడుచుకుని, కథ చెప్పినట్టు మొదలుపెట్టాడు.

"మొన్న సలికాలంల కంపెనీవాల్లు మమ్ముల తీస్కపోయిండ్రు భాయ్, ఇల్లు చూపిస్తమని. కొండ మొత్తం తెల్లగ. మన ఇల్లు ఏది అని అడిగిన. గిదే అన్నరు. కిటికి కనబడ్తలేదు. బరఫ్ సగం దాక మూసింది. లోపటికి పోతే పట్టపగలు బత్తి ఎయ్యాలె. గోడలకు చెమ్మ, మూలలకు బూజు. కొండ నీడ, పైన ఇండ్ల నీడ, పొద్దంత చీకటే. అద్దెకు వచ్చినోల్లు తలుపు తీసి చూస్తరు, తౌబా అని మల్ల మూస్తరు."

"మరి మీ దోస్తుది?"

"వానిదా? పైన. పొద్దుగాల నుంచి పొద్దుగూకే దాక ఎండ. దొరలు వసారాల కుర్సీలు ఏస్కొని ఎండకు కూసుంటరు. కుర్సీ జరిగితే కొట్లాడ్తరు. ఆడ ఎండనే అమ్ముకుంటరు భాయ్. మనం ఎండ లేని ఇల్లు ఏరి ఏరి కొన్నం."

ఇలా చెప్పి పకపకా నవ్వాడు. పక్క బల్ల వాళ్ళు కూడా నవ్వారు. అతను ఆ రోజు మా ఆఫీసులో ఆ ప్రశ్న అడిగాడు. అడిగిన వాడు సరిగ్గానే అడిగాడు. నేను నోరు మూయించాను.

"తప్పు నాది భాయ్" అన్నాను.

"ఊకో. నువ్వు మంచికే చెప్పినవ్. నసీబ్ గట్ల ఉంది. వచ్చే ఎండకాలం అమ్మేస్త, ఫికర్ చెయ్యకు."

అమ్ముడుపోలేదు. మలయాళీ తన ఇల్లు మంచి ధరకు అమ్ముకుని వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది. ఆ మరుసటి ఏడాది ఆ దేశంలో యుద్ధం మొదలైంది. కంపెనీ మనిషి అజాపజా లేకుండా పోయాడు. బార్కస్‌లో అందరూ యుద్ధాన్ని తిట్టారు. పాపం, వీడి కొంప యుద్ధం ముంచింది అన్నారు. కానీ యుద్ధానికి ముందే రెండు శీతాకాలాలు ఆ ఇల్లు ఖాళీగా ఉంది. పై అంతస్తు తీసుకుని ఉంటే అతను ఆ మలయాళీ లాగే ఎప్పుడో ఇంటికొచ్చి షాపు తెరిచేవాడు. యుద్ధం నా తప్పును కప్పిపెట్టిందంతే.

ఆ ఇంటి కోసం అతను తన కువైట్ యజమాని దగ్గర చేసిన అప్పు జీతంలో కోత పడుతూనే ఉంది. సెలవులు కూడా అమ్ముకుని పని చేశాడు. సెలవు అమ్ముకోవడమంటే ఇంటికి రాకపోవడం. ఏడేళ్ళకు పైగా రాలేదు.

ఆఫీసులో నాకు బరఫ్ ఇంజనీరని పేరు పడింది. పెద్దసారే పెట్టారు. దక్షిణం గుమ్మం అచ్చిరాదన్నది తానేనని ఆయనకు గుర్తు లేదు. ఎవరైనా నక్షా తెస్తే, "అన్నా, బరఫ్ పడ్తదేమో అడుగు" అని చైన్‌మన్ ఆటపట్టించేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఇరానీ హోటల్లో కాగితం పరిచిన వాళ్ళకు మాత్రం అభిప్రాయం చెప్పడం మానేశాను. చాయ్ నేనే తాగించి పంపేవాణ్ణి. నా డబ్బులు పోయినా మనశ్శాంతిగా ఉండేది.

ఆదివారాలు సైకిల్ మీద బార్కస్ వెళ్ళడం మొదలుపెట్టాను. రేషన్ కార్డు, నల్లా కనెక్షన్, బడిలో పేరు రాయించడం, మగవాళ్ళు తిరగాల్సిన పనులన్నీ నేను తిరిగేవాణ్ణి. ఆ ఇంట్లో అతని భార్య, అతని అక్క, పాప. అక్కను ఆపా అనేవాణ్ణి, పెద్దావిడ, వసారాలో మంచం మీద కూర్చుని నాతో మాట్లాడేది. భార్య పరాయి మగవాళ్ళ ముందుకు వచ్చేది కాదు, తలుపుకు వేలాడే పరదా వెనక నుంచి మెల్లగా చెప్పేది. ఆ మాటను పాప పరుగున మోసుకొచ్చి నాకు చెప్పేది, నా మాట మళ్ళీ లోపలికి మోసుకుపోయేది. అలా మోసి మోసి నా దగ్గర తెలుగు నేర్చుకుంది. నన్ను చాచా అనేది.

"మీరు వాళ్ళింటికి పోయేది ప్రేమతోనా, భయంతోనా?" అని మా ఆవిడ ఒకసారి అడిగింది.

"సిగ్గుతో" అన్నాను.

"మరి జామకాయలు తెస్తారేం సంచీ నిండా?" అంది. వాళ్ళు ఇచ్చేవాళ్ళు, నేను తెచ్చేవాణ్ణి. నేను చేసిన పనికి కూలీ ఇస్తున్నట్టుండేది.

ఆపాకు అంతా చెప్పాను. ఆ ఇల్లు ఎంచింది నేను, అతను అడిగితే కసురుకుంది నేను అని. ఆమె తమలపాకుకు సున్నం రాస్తూ విన్నది. "ఊకో భాయ్. నువ్వేమన్న కావాలని చెప్పినవా" అని ఆ పాన్ నా చేతిలో పెట్టింది. ఆ ఇంట్లో ఒక్కరైనా నన్ను నాలుగు తిట్లు తిడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. తిడితే పడి, అక్కడితో తెగిపోయేది.

పాపకు నాలుగేళ్ళు దాటాక బిస్మిల్లా చేశారు. అంటే మొదటిసారి అక్షరం చదివించే వేడుక. పూలదండ, జరీ ఓణీ, లడ్డూలు. పెద్దవాళ్ళు చదివిస్తుంటే పాప పలుకుతూ పలుకుతూ మధ్యలో ఆగి, చుట్టూ వెతికి, నేను కనబడగానే మళ్ళీ మొదలుపెట్టింది. చుట్టుపక్కల వాళ్ళు మురిసిపోయి, "చూసినవా, చాచా ఉంటేనే చదువుతదంట" అన్నారు. ఆ చూపు వెతకాల్సింది ఎవరినో నాకు తెలుసు. లడ్డూ జేబులో పెట్టుకుని బయటపడ్డాను.

పిల్ల పెరిగింది. బడి, పాఠాలు, తెలుగు వాచకం నేనే చెప్పేవాణ్ణి. పదేళ్ళు దాటాక ఆపా ఒక రోజు, "ఇగ దీనికి గూడ పరదా నేర్పుతున్నం భాయ్. పరాయోల్ల ముందుకు రాదు. నీకు మాత్రం లేదు. నువ్వు ఇంటోనివి" అంది. నన్ను గౌరవించిందనుకుని సంతోషపడ్డాను కూడా. నా బుద్ధి ఎంత మందమో చూడండి.

ఆ చలికాలమే అతను తిరిగొచ్చాడు, ఇక వెళ్ళనని. ముందు రోజు పొద్దుపోయాక దిగాడట. ఆదివారం కావడంతో తెల్లారగానే వెళ్ళాను. వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. సగం జుట్టు తెల్లబడింది. వెల్డింగ్ మంటకు కళ్ళు ఎర్రగా, చిన్నవైపోయి ఉన్నాయి. నన్ను చూసి లేచి గట్టిగా కావలించుకున్నాడు.

"నా ఇల్లు నువ్వు చూస్కున్నవ్ భాయ్. నీ ఎహసాన్ ఎట్ల తీర్చుకోవాలె నేను?" అన్నాడు.

ఆ ఇల్లు తాను చూసుకోవాల్సిన ఏళ్ళు ఎవరి ఎర్ర పెన్సిల్ వల్ల పోయాయో అతనికి నాకంటే బాగా తెలుసు. తెలిసీ ఆ మాట అన్నాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి.

ఆపా లోపలికి కేక వేసింది. "చాచా వచ్చిండు, చాయ్ తీస్కరా బిడ్డా."

పిల్ల ఎప్పటిలాగే రెండు కప్పుల పళ్ళెంతో, "చాచా, ఈ వారం లెక్కల్ల ఫస్టు వచ్చిన" అంటూ పరదా తోసుకుని గబగబా వచ్చింది. స్తంభం దగ్గర అతన్ని చూసింది. చటుక్కున ఓణీ తల మీదికి లాక్కుని, ముఖం పక్కకు తిప్పుకుని, వచ్చినంత వేగంగా పరదా వెనక్కి వెళ్ళిపోయింది. తర్వాత పరదా పక్క నుంచి పళ్ళెం పట్టుకున్న చెయ్యి ఒక్కటే బయటికి వచ్చింది. నా వైపు.

"చాచా, వాల్లకు గూడ ఇయ్యండి" అంది, గొంతు తగ్గించి.

ఆపా నాలుక కరచుకుంది. "అరే, అబ్బాజాన్ గదనే!" అంది. పరదా కదలలేదు. నేను లేచి పళ్ళెం అందుకున్నాను. ఒక కప్పు అతనికి ఇచ్చాను. అతను రెండు చేతులతో పట్టుకుని, పరదా వైపే చూస్తూ ఉండిపోయాడు.

"పెద్దగైంది" అన్నాడు. "రాత్రి నుంచి గట్లనే చేస్తుంది భాయ్. అలవాటైతదిలే."

నేను తల వంచుకుని చాయ్ తాగాను. వేడి ఉందో చల్లారిందో కూడా తెలియలేదు.

"చాచా, షక్కర్ సరిపోయిందా?" అని పరదా వెనక నుంచి అడిగింది. ప్రతి ఆదివారం అడిగే మాటే.

నువ్వే చెప్పు అన్నట్టు నేను అతని వైపు చూశాను. అతను గొంతు సవరించుకుని, పాపం, ఎంతో జాగ్రత్తగా, "సరిపోయింది బిడ్డా. మస్తుంది చాయ్" అన్నాడు.

ఆమె అక్కడే నిలబడి ఉందని పరదా కింద పాదాలు చెబుతున్నాయి. అతను ఇంకా అటే చూస్తున్నాడు.

"చాచా, మీరు చెప్పండి" అంది.

"సరిపోయిందమ్మా" అన్నాను.

అప్పుడు గానీ ఆ పాదాలు కదలలేదు.